మనిషికేం కాలేదుగా!

మన రోడ్ల మీద రోజుకి ఎన్నిసార్లు వినబడుతుందో లెక్కలేని మాట ఒకటి వుంది. బండికి బండి తగులుతుంది. అద్దం పగులుతుంది, డోరు సొట్టపోతుంది, బంపరు ఊడి వేలాడుతుంది. చుట్టూ పదిమంది మూగుతారు. అందులోంచి ఒక పెద్దాయన ముందుకొచ్చి, రెండు బండ్లనూ ఒకసారి తేరిపార చూసి, "మనిషికేం కాలేదుగా! ఇంకెందుకయ్యా గొడవ? ఎవరి దోవన వాళ్ళు పోండి" అంటాడు. అంతటితో న్యాయస్థానం ముగుస్తుంది. తగిలించినవాడు బతికిపోయాన్రా అనుకుంటూ బండి స్టార్టు చేస్తాడు. రెండోవాడు ఊడిన బంపరు డిక్కీలో పడేసుకుని మెకానిక్ షెడ్డు వెతుక్కుంటూ బయల్దేరతాడు.

ఆ మాటలో మంచితనం లేదని నేననను. ప్రాణం ముందు, రేకు తర్వాత. కాదనేవాడెవడు? కాని రాను రాను ఆ మాట అజాగ్రత్తగా బండి తోలేవాడికి గొడుగయి కూర్చుంది. మనిషికేమీ కాకపోతే అసలేమీ జరగనట్టేనా? పదిహేనువేల రిపేరు ఎవరి జేబులోంచి రావాలి? రక్తం కారిన ప్రమాదాల గురించి పేపర్లు రాస్తాయి, పోలీసులు రాస్తారు. రక్తం కారనివాటి గురించి ఎవరూ రాయరు గనుక ఈ సంచికలో నేను రాస్తున్నాను. సైన్సు విద్యార్థికి ఈ లా పాయింట్లు ఎందుకని మా మిత్రులు ముందే ఎగతాళి చేశారు. బండి వున్న ప్రతివాడికీ అవసరమే గదా!

మాది గురజాల వైపు పల్లెటూరు. సేద్యం చేసుకునే కుటుంబం. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా మాకొక జిల్లా వచ్చింది గాని, మా రోడ్ల మీద బండ్ల తీరు పాతదే. దాచేపల్లి, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, పిడుగురాళ్ళ చుట్టూ సున్నపు బట్టీలు. రాయి వేసుకున్న టిప్పరు పట్టా కప్పకుండా వెళుతుంటే వెనక వచ్చేవాడు దేవుణ్ణి తలుచుకోవాల్సిందే. గులకరాయంత ముక్క జారినా చాలు, ముందద్దం మీద సాలెగూడు అల్లేస్తుంది. టిప్పరు డ్రైవరుకి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. తెలిస్తే మాత్రం ఆపుతాడా అన్నది వేరే ప్రశ్న.

వాళ్ళ సంగతి సరే, మన సంగతో? రైతుబిడ్డగా నేనీ మాట చెప్పకపోతే పక్షపాతమవుతుంది. మిరప కోతలై, టిక్కీలు గుంటూరు యార్డుకి తరలే రోజుల్లో రాత్రిపూట మా రోడ్డు మీద ట్రాక్టర్ల వెనక ట్రక్కులు చూడండి. ఎర్రలైటు వుండదు, మెరిసే స్టిక్కరు వుండదు, నెంబరు పలక మట్టికొట్టుకుపోయి వుంటుంది. వెనక వచ్చే కారువాడికి అది దగ్గరకొచ్చేదాకా చీకట్లో చీకటే. వడ్లు, మొక్కజొన్న తారురోడ్డు మీద ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పేరుస్తాం. గింజలు ఎత్తుకుంటాం, రాళ్ళు మర్చిపోతాం. తెల్లవారుజామున ఆసుపత్రికి పోయే కారు చాంబరు ఆ రాయికి తగిలి పగిలి, ఆయిలంతా కారిపోయి, ఇంజను పట్టేస్తుంది. ఆ రాయి ఎవరిది? ఊళ్ళో ఎవర్నడిగినా "ఏమో, ఎవరు పెట్టారో" అంటారు. పద్నాలుగేళ్ళ పిల్లవాడు ట్రాక్టరు రోడ్డెక్కిస్తే "మావాడు భలే తోలతాడు" అని మీసం తిప్పే తండ్రులు మా ఊళ్ళో కొల్లలు. మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికి, బండి యజమానికి మూడేళ్ళ దాకా జైలు, పాతికవేల జరిమానా వెయ్యొచ్చని 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం చెబుతోందని వాళ్ళకి తెలుసా అని నా అనుమానం.

ఒక సొట్ట అంటే ఏమిటో కాస్త ఫిజిక్సు భాషలో చెప్పనివ్వండి, ఎలాగూ మా డిపార్టుమెంటు లెక్చరర్లు చదువుతారు. రేకుకి ఒక స్థితిస్థాపక హద్దు వుంటుంది. ఆ హద్దు లోపల నొక్కితే తిరిగి యథాస్థానానికి వస్తుంది, దాటితే రాదు. రంగు లేచిపోయిన చోట ఇనుముకి గాలీ తేమా తగిలి తుప్పు మొదలవుతుంది. ఒక్క వానాకాలంలో చిన్న గీత నాణెమంత చిల్లు అయ్యేదారిలో పడుతుంది. వేగం రెట్టింపయితే ఢీకొనే శక్తి నాలుగు రెట్లవుతుంది. ఇంటరులో మనందరం రాసి మార్కులు తెచ్చుకున్న సూత్రమే, బండెక్కేసరికి ఎవరికీ గుర్తుండదు.

ఇక అసలు సంగతి. మా నాయన 2023లో, మిరపకి మంచి ధర పలికిన ఏడాది, ఒక పాత ఆల్టో కారు కొన్నాడు. మా నాయనమ్మకి మోకాళ్ళు, అమ్మకి బి.పి. నెలకి రెండుసార్లయినా నరసరావుపేట ఆసుపత్రికి పోవాలి. కారంటే మాకు హోదా కాదు, మంచం లాంటిదే, అవసరం. కొన్న కొన్నాళ్ళకి నరసరావుపేటలో ఒక ఆసుపత్రి వీధిలో ఆటో ఒకటి వెనక్కి వస్తూ మా కారు హెడ్‌లైటు పగలగొట్టింది. మా నాయన దిగి ఆ ఆటో అబ్బాయి చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. "కళ్ళు నెత్తికెక్కాయా? డబ్బు కట్టి కదులు!" అన్నాడు. ఆ అబ్బాయి నాకంటే రెండు మూడేళ్ళు పెద్దవాడేమో. స్టాండులో వున్న తోటి ఆటోవాళ్ళ దగ్గర వందా రెండొందలూ అడిగి, రెండున్నరవేలు పోగుచేసి మా నాయన చేతిలో పెట్టాడు.

ఆర్నెల్లు తిరక్కముందే ఒక పెళ్ళికెళ్ళాం. కల్యాణమండపం ముందు నిలిపిన మా కారుని ఒక పెద్ద కారు రివర్సు తీసుకుంటూ రెండు డోర్లూ కలిపి గీసుకుంటూ పోయింది. అందులోంచి ఇస్త్రీ మడత నలగని తెల్లబట్టల పెద్దమనిషి దిగాడు. మా చుట్టుపక్కల ఊళ్ళలో మాట చెల్లుబాటయ్యే మనిషి. డోర్ల వంక చూసి, "పెద్దదేం కాదులేవయ్యా, మనిషికేం కాలేదుగా" అన్నాడు. మా నాయన నవ్వాడు. "పర్లేదండీ, మీరు లోపలికి పదండి, ముహూర్తం దాటిపోద్ది" అన్నాడు. టింకరింగుకీ, పెయింటింగుకీ కలిపి పద్నాలుగువేలయింది. మా ఇంట్లో ఒక ఎకరం మిరపకి ఒక కోత కూలీలకిచ్చే డబ్బు అది.

మా నాయన్ని తప్పు పట్టటానికి ఇది రాయటం లేదు (అయినా ఈ సంచిక మా ఇంటికి పట్టుకెళ్ళే ధైర్యం నాకు లేదనుకోండి). కాలవ నీళ్ళ దగ్గర, సొసైటీ అప్పు దగ్గర, రేపు ఆ పెద్దమనిషితో పనిపడుతుందని ఆయనకి తెలుసు. ఆటో అబ్బాయితో ఏ పనీ పడదనీ తెలుసు. లోకజ్ఞానమంటే అదే కావచ్చు. కాని ఒక్క ఇంట్లో ఈ రెండూ చూసినవాడిగా నాకొకటి అర్థమయింది. సొట్ట ఎంత లోతున వుందో చూసి మన కోపం రావటంలేదు. సొట్టపెట్టినవాడు ఎవరో చూసుకుని వస్తోంది, ఎవరో చూసుకుని చల్లారుతోంది. పదిమంది మూగి చేసే పంచాయితీ కూడా అంతే. మొదటి ప్రశ్న "ఏ ఊరయ్యా మనది?" రెండో ప్రశ్న "ఎవరి తాలూకు?" తప్పెవరిదన్న ప్రశ్న వస్తే మూడోది, లేకపోతే లేదు. పౌరుషానికి పెట్టింది పేరు పల్నాడని ఉపన్యాసాల్లో చెబుతారు. ఆ పౌరుషం ఆటోవాడి ముందు ఒక రకంగా, పెద్ద కారు ముందు ఒక రకంగా వుంటే దాన్నేమనాలో మీరే చెప్పండి.

అందుకని నేను కాగితం పక్షాన నిలబడదలచుకున్నాను. కాగితానికి ఊరూ పేరూ పలుకుబడీ కనబడవు.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇన్సూరెన్సు లేని బండి రోడ్డెక్కకూడదు. పట్టుబడితే మొదటిసారి రెండువేల జరిమానా గాని, మూడు నెలల దాకా జైలు గాని, రెండూ గాని. థర్డ్ పార్టీ అని మనం చులకనగా అనే ఆ పాలసీ అవతలివాడి ప్రాణానికే అని చాలామంది అనుకుంటారు. అవతలివాడి ఆస్తికి కూడా అది వర్తిస్తుంది. చట్టం మొదట రాసినప్పుడు ఆస్తి నష్టానికి ఆరువేల పరిమితి పెట్టారు. తర్వాత పాలసీల్లో అది కార్లకీ లారీలకీ ఏడున్నర లక్షల దాకా, ద్విచక్ర వాహనాలకి లక్ష దాకా పెరిగింది. ప్రీమియం కాస్త తగ్గుతుందని ఆరువేలకే పరిమితం చేసుకునేవాళ్ళూ వున్నారనుకోండి. అంటే ఏమిటి? మా కారు డోర్ల డబ్బు ఆ పెద్దమనిషి జేబులోంచి రానక్కర్లేదు. ఆయన ఇదివరకే కట్టిన ప్రీమియంలోంచి రావాలి. ఆయనకి చిన్నతనమూ లేదు, మా నాయనకి నష్టమూ లేదు. ఇద్దరిలో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు.

ఇంకొకటి. మనిషికి దెబ్బ తగిలినప్పుడే కాదు, ఆస్తికి నష్టం జరిగినా సరే, దగ్గర్లో పోలీసు లేకపోతే బండి నడిపినవాడు ఇరవైనాలుగు గంటల లోపల దగ్గరి పోలీసు స్టేషనులో చెప్పాలని అదే చట్టం 134వ సెక్షను చెబుతోంది. తన ఇన్సూరెన్సు కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. చెప్పకుండా చెక్కేస్తే ఆర్నెల్ల దాకా జైలు గాని, అయిదువేల దాకా జరిమానా గాని. "మనిషికేం కాలేదుగా" అన్న మాట చట్టం పుస్తకంలో నాకెక్కడా కనబడలేదు.

మరి స్టేషనుకి పోతే "ఇది సివిలు వ్యవహారం, మీరూ మీరూ చూసుకోండి" అంటారే? అందులో సగం నిజముంది. ఒకరి ఆస్తిని కావాలని, లేదా చెడిపోతుందని తెలిసీ పాడుచేస్తేనే అది క్రిమినలు నేరం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 324వ సెక్షను. కేవలం అజాగ్రత్త వల్ల నిలిపివున్న కారుకి గీతపడితే అది దానికిందకి రాదు. మనుషులకి ముప్పు కలిగేలా తోలితే 281వ సెక్షను వేరే వుంది. ఇక్కడ ఒక తమాషా గమనించండి. నా కారుకి సొట్టపెట్టినవాడిది సివిలు తప్పు. కోపం పట్టలేక నేను వాడి చెంప పగలగొడితే నాది క్రిమినలు తప్పు. న్యాయం నావైపున్న మనిషిని ఒక్క క్షణంలో ముద్దాయినయి కూర్చుంటాను. తాళంచెవులు లాక్కోవటం, బండికి అడ్డం పడుకోవటం కూడా మనల్ని ఆ దారినే పట్టిస్తాయి.

చెయ్యాల్సినదల్లా చప్పుడు లేని పని. బండ్లు జరపకముందే, నెంబరు పలకలు కనబడేటట్టు సెల్‌ఫోనులో నాలుగు ఫోటోలు. డ్రైవరు పేరు, ఫోను నెంబరు. ఎం-పరివాహన్ యాప్‌లో ఆ నెంబరు కొడితే ఇన్సూరెన్సు గడువు ఎప్పటిదాకా వుందో అక్కడికక్కడే తెలుస్తుంది. చూసినవాళ్ళలో ఒకరిద్దరి ఫోను నెంబర్లు అడిగి పెట్టుకోవాలి, ఇదే అన్నిటికంటే కష్టం. ఆ పూటే స్టేషనులో ఒక అర్జీ, మన ఇన్సూరెన్సువాళ్ళకి ఒక కబురు. మన పాలసీలో సొంత నష్టం కూడా కలిసి వుంటే చిన్న కార్లకి మొదటి వెయ్యి రూపాయలు మనం భరించి మిగతాది అడగొచ్చు. అయితే క్లెయిము లేని ఏడాదికి ఇరవై శాతంతో మొదలై అయిదేళ్ళకి యాభై శాతమయ్యే బోనసు పోతుంది కాబట్టి, చిన్న గీతలకి లెక్క చూసుకునే వెళ్ళాలి. మా ఆల్టోలాంటి పాత బండ్లకి మా వైపు చాలామంది థర్డ్ పార్టీయే కట్టిస్తారు. వాళ్ళకి ఆ దారి లేదు. అవతలి బండి యజమాని మీద, ఆ ఇన్సూరెన్సు కంపెనీ మీద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో వేసుకోవాలి. మనం కాపురమున్న ప్రాంతపు ట్రిబ్యునల్లోనే వేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి దీనికి ఆర్నెల్ల గడువు పెట్టారు. ఆ గడువు మీద కోర్టుల్లో వాదన లేచింది గాని, ఆర్నెల్ల లోపే వేసినవాడికి ఆ వాదనతో పనిలేదు.

రెండున్నరవేల హెడ్‌లైటు కోసం ట్రిబ్యునలెక్కమని నేను చెప్పను. వకీలు ఖర్చే అంతకంటే ఎక్కువవుతుంది. అలాంటివాటికి లోక్ అదాలత్ వుంది. కోర్టున్న పట్నాల్లో న్యాయసేవాధికార కమిటీకి తెల్లకాగితం మీద అర్జీ పెట్టుకుంటే కేసు వెయ్యకముందే ఇద్దర్నీ పిలిపిస్తారు. కోర్టు ఫీజు లేదు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ. రోడ్డు మీద పెద్దాయన చేసే పంచాయితీకీ దీనికీ తేడా ఒక్కటే, ఇక్కడ "ఎవరి తాలూకు" అని అడగరు.

ఇదంతా చెబితే మా రూమ్మేటు ఒక ప్రశ్న వేశాడు. "ఆ ఆటోవాడికి పాలసీ అయిపోయి వుంటే? కాగితం పట్టుకు పీడిస్తావా?" మంచి ప్రశ్నే. నా సమాధానం: కాగితం ఇద్దర్నీ అడుగుతాను. దయ చూపించేటప్పుడు మాత్రం లేనివాడి వైపు ముందు చూస్తాను. వదిలెయ్యటం తప్పుకాదు. ఎదుటివాడి స్థితి తెలుసుకుని మనసారా వదిలెయ్యాలి. భయపడి వదిలేసి దానికి మంచితనం అని పేరు పెట్టుకోకూడదు. మా ఇంట్లో జరిగింది తలకిందులు. పద్నాలుగువేలు ఇవ్వగలవాడికి మాఫీ, రెండున్నరవేలు అప్పు చేసినవాడి దగ్గర వసూలు.

ఇక్కడే మరొక అన్యాయముంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. మా వైపు ట్రాక్టరు, టిప్పరు తోలేవాడు సాధారణంగా జీతగాడు. లైటు లేని ట్రక్కు వాడిది కాదు, పోయిన బ్రేకు వాడిది కాదు, రెన్యువలు కాని పాలసీ వాడిది కాదు. బండి తగిలిందంటే మాత్రం నలుగురూ పట్టుకునేది వాడినే. ఆ తర్వాత యజమాని ఆ ఖర్చు వాడి జీతంలో నెలకింత కోసుకుంటాడు. చట్టం అలా చెప్పటం లేదు. పనిమీద వెళ్ళిన డ్రైవరు చేసిన నష్టానికి బండి యజమాని, ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యులు. రిజిస్ట్రేషను ఎవరి పేరున వుంటే వాళ్ళే యజమాని అని 2018లో నవీన్‌కుమార్, విజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. బండి అమ్మేసి పేరు మార్పించకుండా వుండే మన పల్లెటూరి ఆసాములు ఆ తీర్పు సంగతి ఒకసారి వినటం మంచిది. కాబట్టి ఈసారి ట్రాక్టరు తగిలితే పైనున్న కుర్రాడి మీద కేకలెయ్యకండి. "మీ ఆసామి ఫోను నెంబరు చెప్పు తమ్ముడూ" అనండి చాలు.

మన కాలేజి సంగతి కూడా రెండు మాటలు. బండ్ల స్టాండులో ఒక మోటారు సైకిలు పడితే వరసగా ఎనిమిది పడతాయి. మొదటిది పడేసినవాడు మాత్రం ఎప్పటికీ దొరకడు. పోయిన సంవత్సరం ఒక లెక్చరరు గారి కారుకి ఈ చివర్నుంచి ఆ చివరికి గీత పడింది. ఎవడూ చూడలేదట! మధ్యాహ్నం పన్నెండు గంటలకి, మూడువందలమంది తిరిగే చోట! కాలిఫోర్నియాలో నిలిపివున్న బండికి తగిలిస్తే, యజమాని దొరక్కపోతే పేరూ చిరునామా రాసిన చీటీ ఆ బండి మీద పెట్టి, పోలీసులకి కూడా చెప్పాలని చట్టం. జర్మనీలో చీటీ పెట్టిపోయినా చాలదు, నిలబడి చూడాలి, లేదా పోలీసులకి చెప్పాలి. పారిపోతే క్రిమినలు కేసే. మన కాలేజిలో చదివి అక్కడికెళ్ళిన అన్నలు అక్కడ బుద్ధిగా చీటీ రాసి పెడుతున్నారనే నమ్ముతున్నాను. చీటీ రాయటం అమెరికా నీళ్ళు తాగితేనే వచ్చే విద్య కాదుగా!

కనుక విద్యార్థి సంఘం వారికి నా విన్నపం. వచ్చే విద్యా సంవత్సరం నుంచి స్టాండు దగ్గర వాచ్‌మన్ గారి బల్ల మీద ఒక లావుపాటి నోటుబుక్కు పెట్టించండి. ఎవరి బండికైనా తగిలించినవాడు తేదీ, నెంబరు, తన పేరు, క్లాసు రాసి పోవాలి. రాసినవాణ్ణి ఎవరూ నిలదీసి అవమానించకూడదని నోటీసు బోర్డులో ప్రిన్సిపాలు గారి సంతకంతో వెయ్యాలి. లేకపోతే మొదటి పేజీ దాటదు. డబ్బు లేని విద్యార్థి అయితే రిపేరులో సగం సంఘం నిధి నుంచి ఇవ్వటానికి వీలుందేమో జనరల్ బాడీలో ఆలోచించండి. కల్చరల్ ప్రోగ్రాముకి అద్దెకి తెచ్చే మైకు ఖర్చులో అది పదోవంతు కూడా కాదు. మొదటి నోటుబుక్కు నేను కొనిస్తాను. పెన్ను మాత్రం దారంతో బల్లకి కట్టాలి.